మంత్రి గారూ, ఆ రెండేళ్లు ఎక్కడ్నుంచి లెక్కపెడతారండి?

కేంద్ర సైన్స్ మంత్రి గారికి నమస్కారమండి,

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా చినమావయ్య దింపు కార్మికుడు, కొబ్బరిచెట్టు మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది, మాట బానే ఉంది, చేతులే రావు. నేను బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్‌లో, అంటే మెదడు సిగ్నల్‌తో మెషిన్లు నడిపించే పనిలో, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక రెండేళ్ల ఫెలోషిప్ మీద చేసే రీసెర్చ్) చేస్తన్నానంటే "అయితే నా చెయ్యి నువ్వే లేపుతావన్నమాట" అన్నాడు, ఏం చెప్పాలో తెలీక నవ్వేశా.

చెయ్యి కదుపుతున్నట్టు మనసులో అనుకుంటే చాలండి, మెదడులో ఆ చోట 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య ఉండే అల తగ్గుద్ది, దాన్ని పట్టుకుని మోటార్ గ్లౌజుతో వేళ్ళు తెరిపించాలని మా ప్రయత్నం. అమెరికాలో మెదడులో ఎలక్ట్రోడ్లు (సిగ్నల్ పట్టే సన్నటి తీగలు) పెట్టించుకున్న, చేతులు రాని ఒకావిడ రోబో చేత్తో బాటిల్ ఎత్తించుకుని కాఫీ తాగిందని 2012లోనే పేపర్ వచ్చింది. మాది ఆపరేషన్ లేకుండా, ఎలక్ట్రోడ్లున్న టోపీ తలకి పెట్టే పద్ధతి, సిగ్నల్ మైక్రోవోల్టుల్లో ఉంటది, పక్కన గోడలో 230 వోల్టుల కరెంటు 50 హెర్ట్జ్‌తో రొద పెడతా ఉంటది, ఇక చెమట పడితే స్క్రీను మీద సిగ్నల్ గీత మొత్తం జారిపోద్ది, మా వైపు మే నెల ఉక్క గురించి మీకు చెప్పక్కర్లేదు. పైగా తలకి కొబ్బరినూనె రాయనోళ్ళు మా ఊళ్ళో ఎవరండి, జిడ్డు మీద ఎలక్ట్రోడ్ సరిగ్గా పట్టదు, అందుకని పీహెచ్‌డీ చేసొచ్చి నేను చేసిన మొదటి పని మావయ్యకి కుంకుడుకాయలతో తలంటడం.

2023లో మాలాంటి రీసెర్చ్ అసోసియేట్ల మొదటి మెట్టు జీతం నెలకి 47 వేల నుంచి 58 వేలు చేశారు, సంతోషం. నా గొడవ డబ్బు గురించి కాదు, టైము గురించి. నా ఫెలోషిప్ రెండేళ్లు. మనుషుల మీద చేసే పని కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాల్సిందే, కాదన్ను, కానీ అది చేతికొచ్చేసరికి ఎనిమిది నెలలు, ఆ సిగ్నల్ని పెద్దది చేసే ఆంప్లిఫయర్ కొనే టెండరుకి ఆ తర్వాత ఇంకో ఐదు. ఒక్కో మనిషి మెదడు ఒక్కోలా ఉంటది, అందరికీ విడివిడిగా ట్రైనింగ్ ఇవ్వాలి, మిగిలిన పదకొండు నెలల్లో ఎంతమందికని ఇస్తాను?

అడిగేది ఒకటేనండి, మనుషులతో చేసే ప్రాజెక్టులకి ఆ రెండేళ్లు జాయినింగ్ రోజు నుంచి కాకుండా అనుమతి వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టండి, అప్పటిదాకా జీతం ఆపకండి.

నాది మార్చితో అయిపోద్ది, టోపీ ల్యాబుకి తిరిగి ఇచ్చెయ్యాలి. మావయ్యకి ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక కోనసీమ పోస్ట్‌డాక్