మా అత్తకి తెలుగు రాదని రాసిన కంపెనీ వాళ్ళకి

కంపెనీ సార్లకి, మేడమ్‌లకి నమస్కారం.

ఈ లెటర్ ఎవురి పేరు మీద రాయాలో మీ యాప్ లోగానీ వెబ్‌సైట్ లోగానీ యాడా లేదు, అందుకని మీ ఆఫీసులో ఎవురి చేతికి పోతే వాళ్ళకే రాస్తా ఉండాను. ఇంతకు ముందు నేను పెట్టిన కంప్లైంట్లన్నీ మీ యాప్ లో ఉండే చిన్న డబ్బాలో టైపు చేసినవే, నాలుగు లైన్లు దాటితే అది తీసుకోదు, చేసిన పనికి దుడ్లు ఆపేసినారనే నా బాధ నాలుగు లైన్లలో అయ్యేది కాదు. ఈసారి పూర్తిగా రాసి మెయిల్ పెడతా ఉండాను, ఇదే ప్రింట్ తీసి మీ బెంగళూరు ఆఫీసుకి స్పీడ్ పోస్ట్ చేస్తాను, మా గ్రూపుల్లో కూడా పెడతాను, నలుగురూ చదవనీ.

నాది తిరుపతి, కొర్లగుంట. ఎంసీఏ చేసినాను. పిల్లోళ్ళు పుట్టినాక బయటికి పోయి ఉద్యోగం చేసేదానికి కుదర్లేదు, మీ యాప్ లో తెలుగు మాటలు రికార్డు చేసి పంపే పని మొదలైన కొత్తల్లోనే చేరినాను. అప్పుడు మీకు తెలుగు వాయిస్ లు దొరక్క మీ కోఆర్డినేటర్ రోజూ మెసేజ్ లు పెడతా ఉండె, అక్కా ఇంకా కొంతమందిని చేర్పించండక్కా, మీలాంటోళ్ళ వల్లనే ప్రాజెక్ట్ నడస్తా ఉండాది అని. చేర్పిస్తిని. మా వీధిలో టైలరింగ్ చేసే ఆమెని, తిరుచానూరులో మా చిన్నమ్మ కోడల్ని, మంగళంలో ఉండే కాలేజీ పిల్లోళ్ళని. రాత్రి పిల్లోళ్ళు పండుకున్నాక ఫ్యాన్ ఆపేసి, చప్పుడు రాకుండా కిటికీలు తలుపులు మూసేసి రికార్డింగ్ లు చేసినాం. మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ లేకుండా తలుపులేసుకుని కూచోవడం ఎట్లుంటాదో ఒక్కసారి అనుకుని చూడండి. అంత నమ్మకంగా చేసినాము మీకు.

మీ పని రెండు రకాలు. ఒకటి, స్క్రీన్ మీద వచ్చే మాటలు చదివి రికార్డు చేసి పంపేది. రెండోది, వేరేవాళ్ళు మాట్లాడిన ఆడియో ముక్కలు విని, ఆ మనిషి కోపంగా ఉండాడా, సంతోషంగా ఉండాడా, బాధగా ఉండాడా, మామూలుగా ఉండాడా అని గుర్తు, అంటే లేబుల్, పెట్టేది. దీంతో కాల్ సెంటర్ మిషన్ కి ట్రైనింగ్ ఇస్తారని మీ కోఆర్డినేటరే చెప్పినాడు. ఒక్కో ముక్కని అయిదు మందికి ఇస్తారు, ఎక్కువ మంది ఏం పెడితే అది కరెక్ట్, మిగిలినోళ్ళది తప్పు. తప్పులు పెరిగితే స్కోరు పడిపోతాది, స్కోరు పడితే అకౌంట్ హోల్డ్, వాలెట్ లో ఉండే దుడ్లు కూడా హోల్డ్. నా అకౌంట్ అట్లనే హోల్డ్ లో పెట్టేసినారు, కారణం క్వాలిటీ తక్కువ అంట.

నా క్వాలిటీ ఎట్ల తక్కువైందో చెప్తాను వినండి. ఒక ముక్కలో ఒక తల్లి ఇంట్లో నుంచి కొడుకుని కేకేస్తా ఉండాది, రేయ్ యాడికిరా పోతా ఉండావు, సద్ది తినేసి పోరా, నా మాట ఇంటివా లేదా అని. వెనకాల గిన్నె చప్పుడు, ఆఖర్లో ఆయమ్మ నవ్వేది కూడా సన్నగా వినిపిస్తాది. మా పక్క పుట్టినోళ్ళు ఎవురు విన్నా అది ప్రేమతో అనే మాటే. నేను మామూలు అని పెట్టినాను. మిగతా నలుగురు కోపం అని పెట్టినారు. నాది తప్పయింది. ఇట్లాంటివి నిండా వచ్చినాయి. పీలేరు, పలమనేరు, కుప్పం, నగరి, శ్రీకాళహస్తి, ఈ పక్క మనిషి నోరు తెరిస్తే చాలు ఆ నలుగురికి కొట్లాడినట్టు వినపడతాది. వాళ్ళని నేను ఏమీ అనను, వాళ్ళది వేరే జిల్లా అయి ఉంటాది, మా యాస వాళ్ళ చెవికి అలవాటు లేదు. తప్పు మీది. ఆ ముక్క ఏ ఊరిదో చెప్పకుండా ఎవురికంటే వాళ్ళకి పంపించి, చేతులెత్తించి లెక్కపెట్టి, ఇదే నిజం అని మిషన్ కి నేర్పిస్తా ఉండారు.

ఇది నేను కడుపు మంటతో కల్పించి చెప్పేది కాదు. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2019 లో ఇదే సంగతి బయట పెట్టినారు. మనుషులు పెట్టిన లేబుళ్ళు చూసి నేర్చుకున్న మిషన్లు నల్లజాతి వాళ్ళు తమ యాసలో మామూలుగా రాసుకున్న ట్వీట్లని కూడా ఎదుటోళ్ళని నొప్పించే చెడ్డ మాటలు అని పట్టుకున్నాయి, మిగతా వాళ్ళతో పోలిస్తే రెండింతల దాకా ఎక్కువ. అదే పరిశోధనలో ఇంకోటి కూడా ఉండాది. లేబుల్ పెట్టేవాళ్ళకి ఇది ఫలానా వాళ్ళ యాస కావచ్చు అని ముందే చెప్తే, చెడ్డ మాట అని పెట్టేది తగ్గిపోయింది. ఒక్క లైన్ రాసిపెడితే చాలు సార్. ఇది చిత్తూరు పక్క మాట, ఆ ప్రాంతం వాళ్ళనే అడగండి అని. ఆ ఒక్క లైన్ రాసేదానికి మీకు తీరిక లేదా? 2020 లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు మాట విని అక్షరాల్లో రాసే అయిదు పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లని పరీక్ష చేస్తే తెల్లవాళ్ళ మాటల్లో నూటికి 19 పదాలు తప్పు పడితే నల్లవాళ్ళ మాటల్లో 35 తప్పు పడినాయి. ఇదంతా మీ ఆఫీసులో కూచున్న ఇంజనీర్లకి తెలీకుండా ఉంటాదా.

ఇంక మా అత్త సంగతి. ఆమెది పుంగనూరు పక్క పల్లె. అరవై దాటిన వాళ్ళ వాయిస్ లు కావాల, రేటు ఎక్కువిస్తాం అని మీ వాళ్ళే అడిగితే ఆమెని కూచోబెట్టినాను. ఆమెకి చదువు రాదు. నేను స్క్రీన్ మీద చూసి చెవిలో చెప్తే ఆమె ఫోన్ ముందర చెప్పేది, తప్పొస్తే మళ్ళీ, గొంతు ఎండితే నీళ్ళు తాగి మళ్ళీ. అట్ల రాత్రులు రాత్రులు చేసింది ఆమె. మీరు మొత్తం రిజెక్ట్ చేసినారు. కారణం అని ఒక లైన్ ఉండాది దాని కింద, నేటివ్ స్పీకర్ కాదు అని. పుట్టినప్పటి నుంచి తెలుగు తప్ప ఇంకో భాష నోట్లోకి రాని మనిషిని మీరు తెలుగు మనిషి కాదు అని రాసినారు, రాసి దుడ్లు ఆపినారు. గంగమ్మ జాతరకి మనవరాలికి పట్టుపావడ కొనిస్తాను నా దుడ్లతో అని అందరికీ చెప్పుకునింది. దుడ్లు వచ్చినాయామ్మీ అని ఆమె అడిగితే నేనేం చెప్పాల? నీ తెలుగు తెలుగే కాదంట అత్తా అని చెప్పాల్నా?

రిజెక్ట్ అంటే వద్దు అనే కదా, మరి వద్దన్న రికార్డింగ్ లు మీరు తీసేసినారా? లేదు. యాప్ లో చూస్తే అప్‌లోడ్ అయినట్టే చూపిస్తా ఉండాది, మాకు డిలీట్ చేసే బటన్ లేదు. పుచ్చు వంకాయలని బేరం వదిలేసినోడు బుట్ట ఎత్తుకుని ఇంటికి పోయినట్టుగా ఉండాది మీ పని. ఈ పద్ధతి మీరు కనిపెట్టింది కాదని కూడా నాకు తెలుసు. ఇట్లనే చిన్న చిన్న పనులు ఆన్‌లైన్ లో మనుషులతో చేయించుకునేదానికి అమెజాన్ వాళ్ళు 2005 లో మెకానికల్ టర్క్ అని పెట్టినారు, అందులోనూ పని ఇచ్చినోడు నచ్చలేదంటే దుడ్లు ఇయ్యక్కర్లేదు, చేసిన పని మాత్రం వాడి దగ్గరే ఉంటాది. అది చూసి తట్టుకోలేక 2008 లో లిల్లీ ఇరానీ, సిక్స్ సిల్బర్‌మన్ అనే ఇద్దరు టర్కాప్టికాన్ అని ఒకటి తయారు చేసినారు, పని ఇచ్చేవాళ్ళ మంచీ చెడూ పని చేసేవాళ్ళు రాసుకునేదానికి. 2014 లో ఆ కూలీలే అప్పటి అమెజాన్ పెద్ద జెఫ్ బెజోస్ కి ఉత్తరాలు రాసినారు, మేము మనుషులం, అల్గారిథంలు కాదు అని. నేను ఈ రోజు రాసేదీ అదే.

ఎందుకంటే దుడ్లు పోయినదానికన్నా నాకు మండేది మీరు పలక్కపోవడం. మొదట మీ యాప్ లో చాట్ ఓపెన్ చేస్తే అది మిషన్. నాలుగు బటన్లు చూపిస్తాది, పేమెంట్ లేటు, పాస్‌వర్డ్ మర్చిపోయినారా, కొత్త టాస్కులు, ఇతరములు. ఇతరములు నొక్కితే మళ్ళీ అవే నాలుగు బటన్లు. నా లేబుల్ ఎందుకు తప్పు అని తెలుగులో టైపు చేస్తే క్షమించండి మీ ప్రశ్న అర్థం కాలేదు అంటాది. తెలుగు వాయిస్ లు అమ్ముకునే కంపెనీకి తెలుగులో అడిగితే అర్థం కాదు!

తర్వాత యాడో వెతికి ఫోన్ నంబర్ సంపాదిస్తే ఒక అమ్మాయి ఎత్తింది. టికెట్ నంబర్, అంటే కంప్లైంట్ నంబర్, చెప్పండి అంది, చెప్పినాను. ఆ టికెట్ క్లోజ్ అయిపోయింది మేడం, కొత్త టికెట్ రెయిజ్ చేయండి అంది. కొత్తది రెయిజ్ చేయాలంటే అకౌంట్ పని చేస్తా ఉండాల, నా అకౌంట్ ఏమో హోల్డ్ లో ఉండాది. అదే ఆ అమ్మాయికి చెప్తే, అవును మేడం, హోల్డ్ తీసేసినాక టికెట్ పెట్టండి అని పేపర్ చూసి చదివినట్టు చెప్పింది. హోల్డ్ తీసేదానికే కదమ్మా టికెట్ అంటే మళ్ళీ అదే లైన్. ఇంకో రోజు చేస్తే ఒకాయన హిందీలోనే మాట్లాడతాడు, తెలుగు వాళ్ళకి ఇవ్వండి సార్ అంటే లైన్ లో పెట్టేసి మ్యూజిక్ ఇనిపించినాడు, నా బ్యాలెన్స్ అయిపోయేదాకా మ్యూజిక్కే. ఇంకొకాయన మంచిగానే మాట్లాడినాడు గానీ, ఇది సిస్టం డెసిషన్ మేడం, మాకు కూడా కనపడదు అన్నాడు. సిస్టం అంటే ఎవురు సార్, దానికి పేరు ఉండాదా, కుర్చీ ఉండాదా, దాని మీద ఆఫీసర్ ఎవురు అని అడిగితే టీం లీడర్ 48 గంటల్లో కాల్ చేస్తారు అన్నాడు. ఈ రోజుటికీ ఆ టీం లీడర్ ఫోన్ రాలేదు. ఆ కాల్ ఎట్లుందో రేటింగ్ ఇవ్వమని మెసేజ్ మాత్రం వెంటనే వచ్చింది.

మధ్యలో కేవైసీ మళ్ళీ చేయండి అన్నారు. ఆధార్ మళ్ళీ పెట్టినాను, పాన్ పెట్టినాను, ఫోన్ ముందర మొహం అటు తిప్పి ఇటు తిప్పి కళ్ళార్పి వీడియో తీసినాను. సక్సెస్ అని వచ్చింది. తర్వాత ఏమీ లేదు, హోల్డ్ హోల్డే. మీ కోఆర్డినేటర్ ని అడుగుదామంటే అతను గ్రూపులో నుంచి లెఫ్ట్ అయిపోయినాడు, అక్కా అక్కా అని వెంటపడిన అబ్బాయి.

ఆఖరి కాల్ మాత్రం నేను జన్మలో మర్చిపోను. ఒక మేడం ఎత్తింది. నేను పైన చెప్పినదంతా మొదటి నుంచి చెప్తా ఉండాను, మా ఇంట్లో ఎట్ల మాట్లాడతానో అట్లనే, ఒక్క చెడ్డ మాట అనలేదు, పక్కన కూచున్న మా ఆయన సాక్షి. ఆమె మధ్యలో ఆపి, మేడం మీరు అగ్రెసివ్ గా మాట్లాడుతున్నారు, ఇట్లనే మాట్లాడితే మా రూల్ ప్రకారం కాల్ కట్ చేయాల్సి వస్తుంది అంది. నేను కోప్పడలేదమ్మా, మా మాటే ఇట్ల అంటే కట్ చేసేసింది.

చూసినారా? మీరు లేబుల్ పెట్టించింది ఇదే. ఈ రోజు ఒక మనిషి కట్ చేసింది, రేపు మేము నేర్పించిన ఆ మిషనే కట్ చేస్తాది. పలమనేరు నుంచి ఒక రైతు ఇన్సూరెన్స్ దుడ్లు రాలేదని ఫోన్ చేస్తాడు, గట్టిగా మాట్లాడేది ఆయన అలవాటు, మిషన్ కోపం అని రాసుకుని లైన్ వెనక్కి తోసేస్తాది, ఎందుకు తోసిందో ఆయనకి ఎవురూ చెప్పరు. దానికి ట్రైనింగ్ ఇచ్చినోళ్ళలో నేనూ ఉండాననేది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు, అందుకే ఇంత రాస్తా ఉండాను.

నా వాలెట్ దుడ్లు, మా అత్తవి, నేను చేర్పించిన ఆడోళ్ళవి, అందరివీ ఇవ్వాల. మా అత్త పేరు మీద రాసిన ఆ నేటివ్ స్పీకర్ కాదు అనే లైన్ తీసేయాల. దుడ్లు ఇవ్వము అంటే ఆమె గొంతు మీ దగ్గర ఒక్క సెకను కూడా ఉండకూడదు. 2023 లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో, మన వివరాలు వాడుకునేదానికి ఒప్పుకోలు ఎంత సులభంగా ఇచ్చినామో అంతే సులభంగా వెనక్కి తీసుకునే వీలు ఉండాల అని రాసి ఉండాది, నేను చదివినాను. వెనక్కి తీసుకునే బటన్ మీ యాప్ లో యాడ ఉండాదో చూపించండి. మేము ఉద్యోగులం కాదు అని మీ రూల్స్ లో రాసుకున్నారు, కానీ ప్లాట్‌ఫాం వర్కర్, అంటే ఇట్ల యాప్‌ల ద్వారా పని చేసేవాళ్ళు, అనే మాట 2020 సోషల్ సెక్యూరిటీ కోడ్ అనే చట్టంలోకి ఎక్కింది, మేము ఎవురూ కాము అని చెప్పేదానికి లేదు ఇంక.

పలక్కపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్ కి నేను ఒక్కదాన్నే రాను, మా వీధి ఆడోళ్ళందరం ఈ లెటర్ పట్టుకుని వస్తాం. ఆడ నుంచి లేబర్ ఆఫీసుకి పోతాం. పేపర్ వాళ్ళకి ఇస్తాం, మీ కంపెనీ పేరు ఇప్పుడు రాయలేదు, అప్పుడు రాస్తాం. నేను చేర్పించినోళ్ళందరినీ నేనే మాన్పిస్తాను, చిత్తూరు తిరుపతి జిల్లాల నుంచి మీకు ఒక్క వాయిస్ రాకుండా చేస్తాను, వేరే ఊర్ల గ్రూపుల వాళ్ళతో కూడా మాట్లాడినాను.

ఫోన్ చేసేటట్టు ఉంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల చేయండి, పిల్లోళ్ళు స్కూల్లో ఉంటారు. చేసే మనిషి తన పేరు చెప్పాల, నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మనిషి అయి ఉండాల, చిత్తూరు పక్క తెలుగు అర్థం అవ్వాల. మీ రిక్వెస్ట్ అందింది, త్వరలో స్పందిస్తాము అనే ఆటోమేటిక్ మెయిల్ ని నేను జవాబుగా లెక్కపెట్టను. మా అత్త రికార్డింగ్ ల సంగతి మాత్రం కాగితం మీద సంతకంతో రావాల, ఆమెకి చదివి వినిపించాల నేను.

ఇట్లు,
మీ యాప్ లో తెలుగు పని మొదటి నుంచి చేసిన ఒక తిరుపతి ఆడమనిషి