జేజి గదికి నెట్టు వచ్చింది

కావలి,
ఆదివారం

చిరంజీవి అమ్మణ్ణికి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను. వేళకు తింటున్నావా, కాళ్ళ వాపు తగ్గిందా అని మీ అమ్మ రోజూ ఫోన్‌లో అడుగుతూనే ఉంది కాబట్టి నేను మళ్ళీ అడగను. నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఫోన్‌లో చెబితే సగంలో నీకు మీటింగు వస్తుంది. అందుకే కాగితం మీద పెడుతున్నా, తీరిగ్గా చదువుకో.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు జేజి గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నావు. కాల్ మూడుసార్లు తెగిపోయింది. తర్వాత పెరటి గుమ్మం దగ్గర, ఆ తర్వాత వంటింట్లో, చివరికి హాల్లో టీవీ బల్ల పక్కన నేల మీద కూర్చుని మాట్లాడావు. చుట్టూ పిల్లల గోల. నేను అడిగితే "పర్లేదు నాన్నా" అని నవ్వేశావు గానీ, కనుమ నాడే బయల్దేరి వెళ్ళిపోయావు. ఇప్పుడు ఏడో నెలలో తీసుకొస్తామంటే, "అక్కడ నెట్టు కష్టం, సెలవు మొదలయ్యాక తొమ్మిదిలో వస్తాలే" అన్నావట. ఆ మాట మీ అమ్మ చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఇళ్ళకు వైరింగ్ చేస్తున్నాను. నా బిడ్డ తొలికాన్పుకి పుట్టింటికి రావడానికి ఒక వైరు అడ్డమా అనిపించింది.

అడ్డం ఏమిటో నీకూ తెలుసు. ఫైబర్ తీగ వచ్చేది వీధి వైపు హాల్లోకి. రౌటర్ అక్కడే. జేజి గది పెరటి వైపు. మధ్యలో పాత ఇంటి పద్దెనిమిది అంగుళాల గోడ, పూజగది, వంటిల్లు, ఫ్రిజ్జు, స్టీలు బీరువా. వైఫై ఆ గోడ దాటేసరికే నీరసించిపోతుంది. రౌటర్ దగ్గర 90 ఎంబీపీఎస్ దాకా చూపించిన స్పీడు జేజి మంచం దగ్గర 3, ఒక్కోసారి 1.

ముందు వైఫై రిపీటర్ ఒకటి తెచ్చి వంటింటి గుమ్మం పైన పెట్టాను. ఫోన్‌లో గీతలు నిండుగా వచ్చాయి, పని మాత్రం జరగలేదు. ఆ రకం రిపీటర్ ఒకే రేడియోతో అటు వింటూ ఇటు చెబుతుంది కాబట్టి స్పీడు సగానికి పడిపోతుంది. అందులోనూ దానికి అందేదే అరకొర సిగ్నల్. అన్నిటికంటే మంచిది ల్యాన్ కేబుల్ లాగడమే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ గోడలోని పాత పైపుల్లో వేలు దూర్చే సందు లేదు, నేనే నింపాను. కొత్తగా గాడి కొట్టాలంటే పూజగది గోడ పగలాలి. ఇంట్లో నిండు చూలాలు తిరిగే వేళ గోడలు కొట్టడానికి వీల్లేదని మీ అమ్మ తేల్చి చెప్పింది. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు.

అప్పుడు అల్లుడుగారితో మాట్లాడాను. ఆయన పవర్‌లైన్ అడాప్టర్ల సంగతి చెప్పి, జత తెప్పించి పంపారు. నీకు చెప్పొద్దన్నది నేనే. పనిచేస్తుందో లేదో తేలకుండా నీకు ఆశ పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

చూడ్డానికి దోమల మందు మెషిన్ కంటే కాస్త పెద్దవి, తెల్లటి పెట్టెలు రెండు. ఒకటి రౌటర్ దగ్గర ప్లగ్గులో పెట్టి, రౌటర్ నుంచి చిన్న ల్యాన్ వైరు దానికి ఇస్తాం. రెండోది జేజి గది ప్లగ్గులో పెట్టి, దాని నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకో వైరు. మధ్యలో కొత్త తీగ ఏదీ లేదు. గోడల్లో నేను ఎప్పుడో లాగిన కరెంటు వైర్ల మీదే నెట్టు నడుస్తుంది.

నీకు గుర్తుందో లేదో, నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు బస్సులోంచి సబ్‌స్టేషన్ చూసి, "పైన ఆ పీపాలు ఎందుకు వేలాడుతున్నాయి నాన్నా" అని అడిగావు. వాటిని వేవ్ ట్రాప్‌లు అంటారు. పెద్ద లైన్ల మీద కరెంటుతో పాటే ఒక సబ్‌స్టేషన్ వాళ్ళు ఇంకో సబ్‌స్టేషన్‌తో మాట్లాడుకుంటారు. ఆ మాటల సిగ్నల్ దారి తప్పి వేరే పక్కకి పోకుండా ఆపేవి ఆ చుట్టలు. అదే ఉపాయం ఇప్పుడు మనింటి గోడలోకి వచ్చింది. కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఈ పెట్టె దాని మీదే సెకనుకు 20 లక్షల సార్ల నుంచి కోట్ల సార్లు ఊగే సన్నటి సిగ్నల్ ఎక్కిస్తుంది. అవతలి పెట్టె 50ని వదిలేసి ఆ సన్నదాన్నే వడకట్టుకుంటుంది. అదీ ఒక్క ధార కాదు. ఎండాకాలం పెన్న ఇసుకలో పాయలు పాయలుగా పారినట్టు వందలకొద్దీ పాయలు. ఏ పాయలో రొద (సిగ్నల్‌ని చెడగొట్టే అలజడి) ఎక్కువుంటే అందులో తక్కువ పంపి, శుభ్రంగా ఉన్న పాయలో ఎక్కువ పంపుతుంది. ఇళ్ళల్లో వాడే ఈ పద్ధతికి హోమ్‌ప్లగ్ అని పేరు. 2001లో మొదట వచ్చిన రకం 14 ఎంబీపీఎస్‌దట. మనకొచ్చిన డబ్బా మీద 600 అని ఉంది. ఆ అంకెని నమ్మకు. అది రెండు దిక్కులూ, మధ్యలో పోయే ఖర్చూ అన్నీ కలిపి కట్టిన లెక్క. ఈ పెట్టెకున్న ల్యాన్ పోర్టే 100కి మించి ఇవ్వదు.

ఇక పెట్టిన కథ చెబుతాను. మొదటి రోజు రెండూ హాల్లోనే పక్కపక్కన పెట్టి జత కలిపాను. ఒకదాని బటన్ నొక్కి, రెండు నిమిషాల్లోపు రెండోదాని బటన్ నొక్కాలి. అప్పుడు రెండింటికీ మాత్రమే తెలిసిన తాళం పడుతుంది. ఈ పని మానకూడదు. ఈ సిగ్నల్ మన కరెంటు మీటర్ దగ్గర కచ్చితంగా ఆగిపోతుందని నమ్మకం లేదు, పక్కింటి వైర్లలోకి కూడా పోవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే తాళం చాలావాటిలో ఒకటే ఉంటుంది.

హాల్లో బాగా వెలిగిన పెట్టె జేజి గదిలో పెడితే మాత్రం చచ్చిపోయినట్టుంది. అసలు లైటే రాలేదు. ముందు హాల్లోది స్పైక్ బస్టర్‌లోంచి తీసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాను. స్పైక్ బస్టర్‌లో రొదని మింగే ఫిల్టర్ ఉంటుంది. దాని దృష్టిలో మన సిగ్నల్ కూడా రొదే. దాంతో ఎర్ర లైటు వచ్చింది, స్పీడు 4.

రాత్రి పడుకుని ఇంటి వైరింగ్ అంతా మనసులో ఒకసారి తిరిగాను. అప్పుడు తట్టింది. మనది త్రీఫేజు, అంటే ఇంటికి కరెంటు మూడు విడి తీగల్లో వస్తుంది, ఒక్కో తీగ ఒక్కో ఫేజు. పాత ఇల్లు ఒక ఫేజు మీద ఉంది. జేజి గది తర్వాత కట్టింది కాబట్టి దాన్ని రెండో ఫేజు మీద వేశాను, లోడు సమానంగా ఉండాలని. ఆనాటికి అది సరైన పనే. కానీ ఈ సిగ్నల్ ఒక ఫేజు నుంచి ఇంకో ఫేజుకి సరిగ్గా దూకదు. కాస్తో కూస్తో పాకుతుందంతే. నేను చూసిన ఎర్ర లైటు అదే.

పొద్దున్నే మెయిన్ బోర్డు తెరిచి ఫేజు మారుద్దామని నిచ్చెన వేసుకున్నాను. నిచ్చెన మీద ఉండగా ఇన్వర్టర్ లైను కనబడింది. ఇన్వర్టర్ లైను ఇల్లంతా ఒకటే ఫేజు కదా! జేజి గదిలో లైటూ ఫ్యానూ దాని మీదే ఉన్నాయి, ప్లగ్గు ఒక్కటే విడిగా ఉంది. రౌటర్ ఎటూ ఇన్వర్టర్ ప్లగ్గులోనే ఉంది. అదే స్విచ్ బోర్డులో జేజి గది ప్లగ్గుని ఇన్వర్టర్ ఫేజుకి మార్చేస్తే ఫేజు గొడవ తీరుతుంది, కరెంటు పోయినప్పుడు రెండు పెట్టెలూ బతికుంటాయి. కిందికి దిగి ఇన్వర్టర్‌తో సహా సప్లై అంతా ఆపేసి ఆ పనే చేశాను.

ఆ బోర్డు విప్పినప్పుడు సాకెట్ లోపల చూశాను. ఇత్తడి పట్టీల మీద పచ్చగా చిలుము పట్టింది. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఈ ఊళ్ళో ఏ లోహమూ మిగలదు. న్యూట్రల్ స్క్రూ వేలితో తిప్పితే తిరిగింది. వైరు కొస నల్లగా కమిలి ఉంది. ఆ ప్లగ్గులోనే నువ్వు సంక్రాంతికి నీళ్ళ హీటర్ పెట్టుకున్నావు. అది తలుచుకుంటే నాకు చెయ్యి వణికింది. వైరు కొస కత్తిరించి, రాగి మెరిసేదాకా గీకి, కొత్త సాకెట్ వేసి బిగించాను. గదిలో మిగతా బోర్డులు కూడా ఆ రోజే విప్పి చూశాను. హీటర్‌కి, ఇస్త్రీపెట్టెకి వేరే ప్లగ్గు ఉంది. ఈ కొత్తదాని మీద "ల్యాప్‌టాప్‌కి మాత్రమే" అని మార్కర్‌తో రాశాను.

స్విచ్ వేసి పెట్టె పెట్టగానే ఆకుపచ్చ లైటు వెలిగింది. 58 వచ్చింది, అమ్మణ్ణీ. మీ అమ్మని పిలిచి చూపించాను.

తర్వాత వారం రోజులు రోజుకి నాలుగుసార్లు కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నాను. రోజూ రాత్రి తొమ్మిదికి 20కి పడిపోయేది. రెండు రాత్రులు కాపు కాశాను. తీరా చూస్తే, మీ అమ్మ ఆ వేళకి జేజి గదిలోనే ఫోన్ చార్జింగ్ పెడుతోంది. రోడ్డు పక్కన కొన్న చవక చార్జర్ అది. అలాంటివాటి లోపలి సర్క్యూట్ రొద అంతా తీగలోకి వదులుతుంది. అది తీసేసి మంచిది తెచ్చాను, మళ్ళీ 55 దాటింది. మిక్సీ తిరిగినప్పుడు కాస్త తగ్గుతుంది, వెంటనే లేస్తుంది. ఫ్రిజ్జు వల్ల పెద్ద తేడా లేదు. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు 35, 40 మధ్య ఉంటుంది. వీడియో కాల్‌కి నాలుగైదు ఉంటే సరిపోతుందని అల్లుడుగారు చెప్పారు. మొన్న ఆయనే ఆఫీసు నుంచి వీడియో కాల్ చేసి నన్ను జేజి మంచం మీద కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. ఆ గంటలో కావాలని మెయిన్ రెండుసార్లు ఆపి చూశాం. కాల్ తెగలేదు.

చెన్నైలో మీ ఫ్లాట్‌లో కూడా వెనక బెడ్‌రూమ్‌కి నెట్టు అందదంటున్నావు కదా. అక్కడ పెట్టాలనుకుంటే ముందు ఆ గదీ హాలూ ఒకే ఫేజు మీద ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగమను. అద్దె ఇల్లు, వైరింగ్ ఎవరు ఎలా చేశారో మనకు తెలియదు. నువ్వు మాత్రం ఏ బోర్డూ విప్పొద్దు. పెట్టెలు కొంటే వాపసు తీసుకుంటారో లేదో చూసుకుని కొనండి. ఇంటింటికీ ఫలితం మారుతుంది, పెట్టి చూస్తే గానీ తేలదు. మూడు పిన్నులున్న ఇంకో రకం ఎర్తు వైరుని కూడా వాడుకుంటుందట. ఆ మాట వినగానే పెరట్లో మన ఎర్తు గుంట గుర్తొచ్చింది. ఉప్పూ బొగ్గూ వేసి నేను పూడ్చిన గుంటలో, ఎండాకాలం సాయంత్రాలు నువ్వు చిన్న చెంబుతో నీళ్ళు పోసేదానివి. ఇప్పుడు ఆ పని నేనే చేస్తున్నాను.

రేపు వాయుగుండాలు మొదలైతే ఉరుములప్పుడు ఈ పెట్టెలు పీకేయాలి. ఆ సంగతి నాకు వదిలెయ్. మబ్బు కమ్మితే నేనే వచ్చి నీకు చెప్పి తీస్తాను. నీ ఫోన్ నెట్టు ఆ కాసేపటికి సరిపోతుంది.

గదిలో బల్ల కిటికీ పక్కకి జరిపాను, వేపచెట్టు కనబడేట్టు. కుర్చీకి వెనక ఆనుకోవడానికి మీ అమ్మ దూది దిండు కుట్టింది. స్నానాల గది కూడా పక్కనే కాబట్టి నువ్వు ఎక్కాల్సిన మెట్టు ఒక్కటీ లేదు. శ్రీమంతం అయిన మర్నాడే నేనూ మీ అమ్మా వచ్చి నిన్ను తీసుకొస్తాం. మధ్యాహ్నం పినాకినికి టికెట్లు తియ్యమని అల్లుడుగారికి చెప్పు.

ఒక్కటి మర్చిపోకు. నీ ల్యాప్‌టాప్ పలచటిది, దానికి ల్యాన్ వైరు పట్టే కన్నం లేదు. సంక్రాంతికే చూశాను. టైప్ సి నుంచి ల్యాన్‌కి మార్చే చిన్న కన్వర్టర్ ఒకటి ఉంటుంది, అది కొని బ్యాగులో పెట్టుకో. ఇక్కడ రెండు షాపుల్లో అడిగాను, లేదన్నారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో దొరకొచ్చు, బుధవారం వెళ్ళి చూస్తాను. నువ్వు కొనేస్తే మాత్రం మంగళవారం లోపు ఒక్క మాట చెప్పు.

ఇట్లు,
మీ నాన్న