పెరటి తోటల్లో వట్టివేరుకు చోటు

సంపాదకులు గారికి,

నీటి ఎద్దడిని తట్టుకొనే పెరటి మొక్కల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో కలబందకూ కుండీల్లో పెంచే విదేశీ అలంకార మొక్కలకూ చోటు దక్కింది గానీ, మన నేలకే చెందిన వట్టివేరు ప్రస్తావన లేదు. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే మా అనంతపురం వంటి చోట్ల మొదట గుర్తుకు రావలసిన మొక్క అదే.

తొలకరిలో పిలకలను జానెడు ఎడంతో నాటి, వేరు నిలదొక్కుకొనే దాకా రెండు మూడు నెలలు తడి ఆరకుండా చూస్తే, ఆ తర్వాత దాని నీటిని అదే వెతుక్కుంటుంది. అనువైన నేలలో వేళ్లు మూడు మీటర్ల లోతుకు కూడా దిగుతాయి. పక్కలకు పాకకుండా నిలువుగా దిగుతాయి కాబట్టి పొరుగు మొక్కలకు పెద్దగా పోటీ ఉండదు. దక్షిణాదిలో సాగు చేసే రకాలు మొలకెత్తే గింజ కట్టవు గనుక తుంగలా తోటంతా అల్లుకుపోతుందన్న భయమూ అక్కర్లేదు. నీడ మాత్రం దీనికి గిట్టదు. మామిడి చెట్టు కింద నాటి, పెరగలేదనడం న్యాయం కాదు.

మట్టి కోతను ఆపడానికి గట్టు మీద నాటిన దుబ్బును వేళ్ల కోసం తవ్వకూడదు. తవ్వితే మట్టి వదులై అసలు ప్రయోజనమే పోతుంది. కుండనీళ్లలో వేసుకోవడానికి వేళ్లు కావాలనుకొనేవారు ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిని పాత సిమెంటు సంచిలో నింపి, అడుగున చిల్లులు పెట్టి, అందులో వేరే పిలకలు పెంచుకోవాలి. ఏడాదిన్నర తర్వాత సంచిని నిలువునా కోసి నీళ్లు పోస్తే వేళ్లు తెగకుండా జడలా బయటికి వస్తాయి. బంకమట్టిలో తవ్వితే సగం వేళ్లు నేలలోనే తెగి ఉండిపోతాయి.

మట్టి కోతను అరికట్టే మొక్కగా ప్రపంచ బ్యాంకు 1980లలో దీనికి విస్తృత ప్రచారం కల్పించింది. మైసూరు ప్రాంతపు రైతులు అంతకు ముందు నుంచే పొలాల హద్దుల వెంట నాటుకొనేవారు. ఇంత చరిత్ర ఉన్నా మా ఊరి నర్సరీలో వట్టివేరు అడిగితే నిమ్మగడ్డి చేతిలో పెట్టారు. ఆకు నలిపి చూస్తే తేడా తెలిసిపోతుంది: నిమ్మగడ్డికి వాసన ఆకులో ఉంటే, దీనికి వేరులో ఉంటుంది.

ఉద్యానశాఖ నర్సరీలు వానకాలంలో పంచే మొక్కలతోపాటు వట్టివేరు పిలకలను కూడా అందుబాటులో ఉంచాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. జూన్ నాటికి పిలకలు సిద్ధంగా ఉండాలంటే దుబ్బుల పెంపకం ముందు ఏడాదే మొదలు కావాలి.

– ఒక పాఠకుడు, అనంతపురం