పెట్టె విప్పి చూస్తేనే లెక్క తెలుస్తుంది

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతిలో ఇప్పుడు ఉపరితల వైశాల్యాల పాఠం నడుస్తోంది. పోయిన వారం నేనూ వెనక బెంచీలో కూర్చుని విన్నాను. టీచరుగారు 5 సెం.మీ. భుజమున్న రెండు సమఘనాలను పక్కపక్కన అతికించి, మొత్తం ఉపరితల వైశాల్యం ఎంతని అడిగారు. ఒక్కోదానికి 150, రెండింటికీ 300 అని చాలామంది చకచకా రాసేశారు. ఒక అమ్మాయి మాత్రం ఆ దిమ్మెను చేతిలోకి తీసుకుని, ఒక్కో ముఖాన్నీ వేలితో తడుముతూ లెక్కపెట్టింది. అతుకు దగ్గర రెండు ముఖాలు లోపలికి పోయాయి. వేలికి తగిలినవి పదే. జవాబు 250 చదరపు సెంటీమీటర్లు.

సూత్రం రాని పిల్లలు ఆ గదిలో లేరు. ఏ ముఖం బయట ఉంది, ఏది లేదు అని చూసుకోకపోవడమే పొరపాటు. పరీక్షల్లో మార్కులు పోయేది కూడా ఎక్కువగా ఇక్కడే.

అందుకే ముందు విప్పి చూడమంటున్నాం. స్థూపాకారపు డబ్బా చుట్టూ ఉన్న కాగితాన్ని నిలువునా కత్తిరించి పరిస్తే దీర్ఘచతురస్రం వస్తుంది. దాని పొడవు డబ్బా చుట్టుకొలతే. వ్యాసార్ధం 7, ఎత్తు 10 సెం.మీ. అయితే ఆ కాగితం 44 పొడవు, 10 వెడల్పు, అంటే 440 చ.సెం.మీ. (ఇక్కడ π విలువ 22/7). అడుగు 154, మూత 154 కలిపితే 748. మూత లేకపోతే 594. ఇది చేత్తో చేసిన పిల్లలకు సూత్రం మరిచిపోయినా మళ్లీ రాబట్టుకోవడం వస్తుంది.

గోళాన్ని మాత్రం ఇలా పరచలేం. దాని ఉపరితలం అదే వ్యాసార్ధమున్న వృత్తానికి సరిగ్గా నాలుగు రెట్లని రెండు వేల ఏళ్ల కిందటే ఆర్కిమెడిస్ నిరూపించాడు. ఎన్నేళ్లు చెప్పినా నాకు ఆశ్చర్యం తీరని సంగతి ఇది. గోళాన్ని సగానికి కోస్తే వంపు భాగం రెండు వృత్తాలంత, కోసినచోట బల్లపరుపుగా మరొకటి, మొత్తం మూడు. ఆ మూడోదాన్నే పిల్లలు వదిలేస్తుంటారు.

ఇంట్లో లెక్కలు చేసేటప్పుడు, "సూత్రం చెప్పు" అనకుండా "ఎన్ని ముఖాలు బయటికి కనిపిస్తున్నాయి?" అని అడగండి. జవాబు పక్కన "చదరపు" అన్న మాట ఉందో లేదో ఓసారి చూడండి.

ఖాళీ అట్టపెట్టెలు, డబ్బాలు ఉంటే సోమవారం పిల్లలతో పంపండి. అన్నీ తరగతిలో కత్తిరించేస్తాం, తిరిగి ఇవ్వలేం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు