మోనితకి మా అమ్మ ఓటు

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

పోయిన వారం నువ్వు ఫోన్‌లో ఒక మాట అనేసి పెట్టేశావు. అప్పట్నుంచీ అది నా బుర్రలోనే తిరుగుతోంది. "బ్రేకింగ్ బ్యాడ్ సీరియల్ అదిరింది గానీ ఆ హీరో పెళ్లాన్ని భరించలేకపోతున్నాన్రా, వచ్చిన ప్రతిసారీ ముందుకి జరిపేస్తున్నాను" అన్నావు. ఫోన్‌లో నవ్వేసి ఊరుకున్నాను. ఎందుకంటే మొదటిసారి చూసినప్పుడు నేను అన్నదీ అదే. నీకంటే ఇంకాస్త పచ్చిగా అన్నాను కూడా.

నువ్వింకా రెండో సీజన్‌లోనే ఉన్నావు కాబట్టి ముందు జరిగేవి చెప్పకూడదు. కానీ చెప్పకుండా ఈ ఉత్తరం రాయడం నా వల్ల కాదు. తిట్టుకో.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఆవిడ "అందరూ అంటున్నారుగా, ఏంటో చూద్దాం" అంటే మళ్లీ మొదటి ఎపిసోడ్ నుంచి పెట్టాను. తను ఉతికిన బట్టలు మడతపెడుతూ చూస్తోంది. తర్వాత మత్తుమందు తయారీలోకి దిగే ఆ కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ ఆసుపత్రి నుంచి ఇంటికొస్తాడు, గుర్తుందా? క్యాన్సర్ అని అప్పుడే తెలిసింది. ఇంట్లో పెళ్లాం స్కైలర్ క్రెడిట్ కార్డు బిల్లు ముందేసుకుని కూర్చుని ఉంటుంది. స్టేపుల్స్ అనే స్టేషనరీ షాపులో 15 డాలర్ల 88 సెంట్లు ఎందుకు ఖర్చయ్యాయని అడుగుతుంది. ప్రింటర్ కాగితాలకి అంటాడు. ఆ కార్డు వాడకూడదు అనుకున్నాం కదా అంటుంది. నాకు అప్పుడూ చిరాకేసింది, ఇప్పుడూ వేసింది. "చూడు, మనిషి చావు కబురు మోసుకొస్తే ఈవిడ చిల్లర లెక్కలు అడుగుతోంది" అన్నాను.

మా ఆవిడ చొక్కా మడత ఆపలేదు. "ఆమెకి చెప్పాడా?" అంది.

చెప్పలేదు. అదే కదరా కిటుకు! జబ్బు సంగతి వాడికి తెలుసు, మనకి తెలుసు, ఆమెకి తెలియదు. కథ మనల్ని మొదటి రోజే వాడి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఇక ఆమె ఏమడిగినా సతాయింపులాగే వినపడుతుంది. కడుపుతో ఉంది, అప్పులున్నాయి, మొగుడు రాత్రిళ్లు ఎక్కడికి పోతున్నాడో చెప్పడు. "ఎక్కడికి వెళ్లావు" అని అడిగినా మన దృష్టిలో ఆమె గయ్యాళే.

అలాగని ఆమె పతివ్రతా శిరోమణి అని నేను చెప్పబోవడం లేదు. కడుపుతో ఉండి సిగరెట్ తాగింది. టెడ్ అనే తన ఆఫీసు యజమానికి దొంగలెక్కలు రాసి పెట్టింది. తర్వాత అతనితోనే పడుకుంది, ఆ సంగతి మొగుడి మొహం మీదే చెప్పింది. అతని చేత పన్ను కట్టించమని మనుషుల్ని పంపితే ఆ గొడవలో అతను కింద పడి ఆసుపత్రి పాలయ్యాడు. చివరి సీజన్‌కి వచ్చేసరికి, ఇన్ని చావులయ్యాయి, ఇంకొకటి అయితే ఏం అనే దాకా వెళ్లింది. తప్పుల చిట్టా చిన్నదేం కాదు.

అయితే మొగుడి చిట్టా పక్కన పెట్టి చూడు. ఊపిరాడక చచ్చిపోతున్న పిల్లని నిలబడి చూశాడు. చిన్నపిల్లాడి మీద విషం ప్రయోగించాడు. మనం ఏం చేశాం? వాడి టోపీ బొమ్మ ఉన్న టీషర్టు కొనుక్కున్నాం. నువ్వు కొన్నావు, నాకూ ఒకటి పంపావు.

ఇంకో సంగతి చెప్తాను, సిగ్గుగా ఉంది కానీ చెప్తాను. నేను స్కైలర్‌ని మొట్టమొదటిసారి మెచ్చుకున్నది ఎప్పుడో తెలుసా? నాలుగో సీజన్‌లో, మొగుడి దొంగ డబ్బుని తెల్లగా మార్చడానికి కార్ వాష్ కొనే బేరం దగ్గర. దొంగ తనిఖీ నాటకం ఆడించి, ఓనర్ని బెదరగొట్టి, తను ముందు ఇస్తానన్న ధర కన్నా ఇంకా తగ్గించి కొంటుంది చూడు, అక్కడ "అబ్బ, ఏం తెలివిరా" అనుకున్నాను. అంటే, నిజం లెక్క అడిగినన్నాళ్లూ తిట్టుకున్నాను, దొంగలెక్క మొదలెట్టగానే మెచ్చుకున్నాను. తప్పు చేసినందుకు కాదన్నమాట నా కోపం. వాడు సరదాగా తప్పులు చేసుకుంటుంటే అడ్డం వచ్చినందుకు.

పాపం ఆ వేషం వేసిన ఆనా గన్ ఎంత అనుభవించిందో! 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసింది. స్కైలర్ మీద ద్వేషం మెల్లగా తన మీదకే వచ్చిందని, తనని చంపాలి, ఎక్కడ దొరుకుతుందో చెప్పండి అని ఒకడు నెట్‌లో అడిగాడని అందులో ఉంది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ ఉత్తమ సహాయ నటిగా ఎమ్మీ, అదే అమెరికా టీవీ అవార్డు, ఆమెకే వచ్చింది.

ఐదో సీజన్‌లో వాల్టర్ 51వ పుట్టినరోజు ఎపిసోడ్ వస్తుంది. అది మాత్రం ముందుకి జరపకు. ఆ రాత్రి ఇద్దరూ గదిలో గొడవపడతారు. పిల్లల్ని ఈ ఇంటికి దూరంగా ఎలా ఉంచాలా అని చూస్తోంది ఆమె. ఏం చేస్తావు, ఏం చేస్తావు అని అతను ఒక్కో దారీ మూసుకుంటూ వస్తాడు. చివరికి ఆమె దగ్గర ఏ ఉపాయమూ మిగలదు. ఎదురుచూస్తానంటుంది. దేనికీ అంటే, నీ క్యాన్సర్ తిరగబెట్టడానికి అంటుంది. మా ఆవిడ బట్టలు పక్కన పెట్టేసింది అక్కడ. నేనూ ఏం మాట్లాడలేదు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటావేమో. మరి మన కార్తీకదీపం సీరియల్ సంగతేంటి? 2017 నుంచి 2023 జనవరి దాకా మా ఇంట్లో సాయంత్రం ఏడున్నరకి ఫోన్ మోగినా ఎత్తే దిక్కు లేదు. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసేది. అందులో విలన్ మోనిత వస్తే చాలు, "దీని జిమ్మడ, మళ్లీ దాపురించింది" అనేది. ఆ ఊపులో ఈనెలు గిన్నెలోనూ కాయలు చెత్తలోనూ పడేవి.

మోనిత చేసినవి తక్కువేం కాదు, నిజమే. హీరో డాక్టర్‌బాబుకి పిల్లలు పుట్టరని దొంగ మాట చెప్పి అతని పెళ్లాం దీప కాపురం కూల్చింది. కానీ ఒక్కటి ఆలోచించు. కట్టుకున్న పెళ్లాన్ని అనుమానించినవాడెవడు? ఏళ్ల తరబడి ఆమె మాట వినిపించుకోనివాడెవడు? తనూ డాక్టరే కదా, ఇంకో చోట ఒక్క పరీక్ష చేయించుకుంటే ఆ సీరియల్ నెలలో అయిపోయేది. (అయిపోతే స్టార్ మా వాళ్లు ఊరుకోరనుకో, అది వేరే సంగతి.) అంత చేసినవాణ్ణి ఐదేళ్లూ "పాపం డాక్టర్‌బాబు" అన్నది అమ్మ. ఆయన పాపమంతా కూడా మోనిత పద్దులోనే రాసింది.

ఒకసారి అడిగేశాను. "ఆయన తప్పు లేదామ్మా?"

"మగాడన్నాక ఎవరో ఒకరు చెప్తే వింటాడు. చెప్పినదానికుండాలి బుద్ధి" అంది. మా నాన్న పేపర్ కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు, మొహం కనపడకుండా.

ఇంత తిట్టిన మనిషి, మోనిత రెండు రోజులు కనపడకపోతే మాత్రం "ఇవాళేం లేదు, ఉప్పు లేని పప్పులా ఉంది" అనేది. వంటలక్క దీప ఏడుస్తుంటే అమ్మ కూడా కళ్లు ఒత్తుకునేది, కానీ చేతిలో పని ఆగేది కాదు. మోనిత తల ఎగరేసి మాట్లాడుతుంటే మాత్రం చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయేది. ఇది ఇవాళ్టిది కాదులే. సూర్యకాంతం కాలంలో ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడానికి జంకేవాళ్లని అమ్మమ్మ చెప్పేది. అదే అమ్మమ్మ, సినిమాలో సూర్యకాంతం ఉంటే గానీ కదిలేది కాదు. ఇంట్లో తను అనలేని మాటలన్నీ తెరమీద ఒకావిడ గొంతెత్తి అంటోంది. అది వినడానికే వెళ్లేదేమో అని నాకు ఇప్పుడనిపిస్తోంది. స్కైలర్‌కి ఆ సుఖం లేదు. ఆమె దగ్గర గొంతు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

అసలు సంగతి మర్చిపోయాను. మోనిత వేసిన శోభా శెట్టి 2023లో బిగ్‌బాస్ ఏడో సీజన్‌కి వెళ్లింది చూడు. అప్పుడు ఒక రాత్రి అమ్మ నా గదిలోకొచ్చి, చేతిలో ఫోన్ పెట్టి, "మోనితకి ఓటెయ్యడం ఎలాగో చూడరా" అంది.

"అదేంటమ్మా! కనపడితే చీపురు తిరగేస్తానన్నావుగా?"

"అంటే? ఊరూ భాషా కాని పిల్ల, ఐదేళ్లు మనింట్లో ఉంది. వెయ్యి ముందు, టైమైపోద్ది."

వేశాను.

నీ వాడు,
రాంబాబు

తా.క.: టీషర్టు ఇంకా ఉంది. మా ఆవిడ దాన్ని బండి తుడవడానికి వేసింది, ఏమీ అనుకోకు.