పొక్లెయిన్ లివర్లు అన్ని బండ్లలో ఒకేలా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో పిల్లలు జాయ్‌స్టిక్ పట్టుకొని గంటల తరబడి ఆటల్లో మునిగిపోతున్నారని మీ పత్రికలో ఒక తల్లి రాసిన లేఖ చదివాను. మా ఇంట్లోనూ అదే గొడవ. కానీ పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకా నేనూ రెండు జాయ్‌స్టిక్‌లు పట్టుకొనే బతుకుతున్నాను, ఇంక మా వాడిని ఏ ముఖంతో తిట్టను? నేను పొక్లెయిన్ ఆపరేటర్‌ని. మేము వాటిని లివర్లు అంటాం.

మాది పాలమూరు వైపు. మా నాయన శ్రీశైలం డ్యామ్ పనిలో తట్ట మోశాడు. నేను 2006లో హెల్పర్‌గా చేరాను. గ్రీజు కొట్టడం, డీజిల్ పోయడం నా పని. మధ్యాహ్నం ఆపరేటర్ అన్న భోజనానికి దిగితే నేను ఎక్కి లివర్లు కదిపి చూసేవాణ్ని. నాకు తెలిసిన ఆపరేటర్లలో చాలామంది ఇలా నేర్చుకున్నవాళ్లే.

తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. సీటుకు అటొకటి ఇటొకటి లివర్ ఉంటుంది. ఎడమ లివర్‌ని పక్కలకు తోస్తే క్యాబిన్‌తో సహా బండి పైభాగం తిరుగుతుంది, ముందుకూ వెనక్కూ అంటే ఆర్మ్, అంటే బకెట్ తగిలించిన చిన్న చెయ్యి, కదులుతుంది. కుడి లివర్ వెనక్కి లాగితే బూమ్, అంటే బండికి తగిలించిన పెద్ద చెయ్యి, లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది. పక్కలకు అంటే మట్టి తోడే బకెట్ కదులుతుంది. దీన్ని ఐఎస్ఓ ప్యాటర్న్ అంటారు. ఎస్ఏఈ అని ఇంకొకటి ఉంది. అందులో బూమ్ ఎడమ చేతికి, ఆర్మ్ కుడి చేతికి వస్తాయి. బండి తిరగడం, బకెట్ మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. చిక్కంతా అక్కడే. సగం పనులు అలవాటు ప్రకారం జరుగుతుంటే మిగతా సగం కూడా అంతేనని చెయ్యి నమ్మేస్తుంది.

పోయిన ఎండాకాలం పక్క ఊరి చెరువులో పూడిక తీస్తున్నారు. అక్కడి ఆపరేటర్ పెళ్లికి పోతే ఓనరు నన్ను రమ్మన్నాడు. "నీ బండి లాంటిదే అన్నా, ఏం తేడా లేదు" అన్నాడు ఫోన్‌లో. క్యాబిన్‌లో అంటించిన స్టిక్కర్ మీద కూడా ఐఎస్ఓ బొమ్మే ఉంది. అయినా నేను ఖాళీ జాగాలో లివర్లు కదిపి చూశాను. కుడిది లాగితే బూమ్ లేవలేదు, ఆర్మ్ లోపలికి వచ్చింది. కొన్ని బండ్లలో ప్యాటర్న్ మార్చే వాల్వ్ ఉంటుంది. పాత ఆపరేటర్ తన అలవాటు కొద్దీ దాన్ని తిప్పుకున్నాడు, స్టిక్కర్‌ని మాత్రం అలాగే వదిలేశాడు.

నాకు వాల్వ్ తిప్పడం తెలుసు. పరాయి బండి, రెండు రోజుల పనికి ఎందుకులే అనుకున్నాను. అది నా తప్పే. గంటన్నర సేపు ప్రతి బకెట్‌కీ మనసులో అనుకుంటూ జాగ్రత్తగానే నడిపాను. తర్వాత ట్రాక్టర్లు వరుస కట్టాయి, వెనకాల ఒకతను హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఆ టెన్షన్‌లో మట్టి పోసి బూమ్ లేపబోయి కుడి లివర్ గట్టిగా లాగాను. బకెట్ పైకి లేచే బదులు నా వైపుకు వచ్చి ట్రాలీ పక్క రేకును మడత పెట్టేసింది. ఒక కుర్రాడు అంతకుముందే అదే పక్కన నిలబడి పారతో మట్టి సర్దాడు. అప్పుడే నీళ్లు తాగడానికి పోయాడు. రేకు ఖర్చు కింద నా కూలీలో 3,500 కోసుకున్నారు. దాని గురించి నాకు బాధ లేదు. ఆ కుర్రాడు వచ్చి "ఏమైందన్నా" అని అడిగితే చాలాసేపు నాకు నోరు రాలేదు.

దీంట్లో బండి కంపెనీ తప్పేం లేదు. వాల్వ్ పెట్టింది మా సౌకర్యానికే. కానీ మా అబ్బాయి ఆటలో ఏ బటన్ ఏం చేస్తుందో ముందే తెర మీద చూపిస్తుంది, మారిస్తే బొమ్మ కూడా మారుతుంది. ఆ 20 టన్నుల బండిలో మాత్రం ఆ ఏర్పాటు లేదు. పైగా మా లివర్లు రెండు వేళ్లకే కదులుతాయి. లివర్ కింద పైలట్ ఆయిల్, అంటే తక్కువ ఒత్తిడి ఆయిల్, పోయి పెద్ద వాల్వ్‌ని తెరుస్తుంది, అసలు బలమంతా పంపు నుంచి ఆ వాల్వ్ గుండా వచ్చే ఆయిల్‌దే. ఎంత బరువు కదులుతోందో చేతికి తెలియదు.

ఓనర్లకు, కాంట్రాక్టర్లకు నేను చెప్పేది ఒకటే. అన్ని బండ్లనూ ఐఎస్ఓలోనే ఉంచండి, ఎవరైనా మారిస్తే స్టిక్కర్ మార్చేదాకా తాళం ఇవ్వకండి. చెరువు పనులు చేయించే ఇంజినీర్లు డీజిల్ లెక్క అడిగినట్టే ఇదీ అడగాలి. హైదరాబాద్‌లోని నిర్మాణ శిక్షణ సంస్థ న్యాక్‌లో మేస్త్రీలకు, ఎలక్ట్రీషియన్లకు శిక్షణ ఇస్తున్నారు. మాలాంటి పాత ఆపరేటర్లను కూడా రెండు రోజులు పిలిచి, లివర్లు పట్టించి చూసి కాగితం ఇస్తే బాగుంటుంది. నా లైసెన్స్ పరీక్షలో నా చేత ఎవరూ లివర్ పట్టించలేదు.

ఇంకో మాట. ఎడమ వైపు సేఫ్టీ లివర్ వేస్తే ఈ రెండు లివర్లూ పనిచేయవు. బండి ఆన్‌లోనే ఉంచి, అది వేయకుండా, భుజం మీద తువ్వాలుతో దిగేవాళ్లను రోజూ చూస్తున్నాను. తువ్వాలు కొస లివర్‌కు చుట్టుకుంటే చాలు. ఊళ్లో చుట్టాల పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకొని లివర్ పట్టించి ఫొటోలు దిగే అన్నలకూ ఇదే దండం.

ఇప్పుడు నేను నడిపే బండిలో కుడి వైపు అద్దం మీద "వెనక్కి లాగితే బూమ్ పైకి" అని తెల్ల పెయింటుతో రాసుకున్నాను. అద్దం పాడు చేశావని ఓనరు నాలుగు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు.

— ఒక పొక్లెయిన్ ఆపరేటర్, నాగర్‌కర్నూల్ జిల్లా