మా చేతిలో ఏం పెట్టాలో మమ్మల్నే అడగండి
వికలాంగుల సంక్షేమ శాఖ డైరెక్టర్ గారికి నమస్కారం.

నేను పుట్టు అంధుణ్ణి. పదేళ్ల కిందట ఒక స్వచ్ఛంద సంస్థ నాకు పుస్తకాలు చదివి వినిపించే యంత్రం ఇచ్చింది. రెండేళ్లకు పాడైంది, బాగుచేసేవాళ్లు జిల్లాలో ఒక్కరూ దొరకలేదు. ఇప్పుడు ఆ పని నా మామూలు ఆండ్రాయిడ్ ఫోనే చేస్తోంది. అందులోనే ఉండే టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెర మీద ఉన్నది తెలుగులో చదువుతుంది. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్‌తో చేతిలో ఉన్నది ఎంత నోటో నెట్ లేకుండానే తెలుస్తుంది. రిపేరు వస్తే వీధి చివర కొట్టు ఉంది.

అందుకే ఉపకరణాల పంపిణీలో స్మార్ట్‌ఫోన్‌కూ, దాన్ని వాడటం నేర్పే శిక్షణకూ చోటివ్వండి.

బ్రెయిలీని మాత్రం తీసేయకండి. శ, ష చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి, పిల్లలకు తేడా తెలిసేది వేలి కిందే. ఖరీదైనా సరే, ఫోన్‌లోని అక్షరాలను వేలికి తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే బడి పిల్లలకు ఇవ్వాల్సిందే.

మొన్న ఒక యాప్‌లో దరఖాస్తు పెట్టబోతే, బటన్లకు చదవగలిగే పేర్లు లేక ఫోన్ "బటన్, బటన్, బటన్" అంటూనే ఉంది. ఏది సమర్పించేదో, ఏది రద్దు చేసేదో తెలియలేదు. చివరికి పక్కింటి అబ్బాయిని పిలిచి నా ఆధార్ నంబరు చెప్పాను. ఎలక్ట్రానిక్ మాధ్యమంలోని సమాచారం మాకూ అందాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఏ ప్రభుత్వ యాప్ అయినా విడుదలకు ముందు మాలాంటివాళ్ల చేత ఒకసారి వాడించి చూసేలా చేయండి సార్.